తైజీ అభ్యాసము: దూరమునుండి నేర్చుకొనుట, ఇంట సాధించుట

విద్యలలో కొన్ని చెవితో నేర్వదగినవి. కొన్ని కంటితో నేర్వదగినవి. మఱికొన్ని శరీరముతోనే నేర్వవలసినవి. పద్యమును పలుమాఱు వినిన కంఠస్థమగును. పటమును శ్రద్ధగా చూచిన దేశముల సరిహద్దులు తెలియును. కాని ఈతయు, సైకిలు తొక్కుటయు, కోలాటమును ఎంత వినినను ఎంత చూచినను రావు. శరీరము తాను చేసి, తడబడి, మరల చేసిన పిమ్మటనే అవి వశమగును. ఈ మూడవ తెగకు చెందిన విద్యను, గురువు ఎదుట లేకుండ, అరచేతిలో నిముడు అద్దపు పలకపై చూచి నేర్చుకొనుట సాధ్యమా? సాధ్యమైనచో ఎంతవఱకు? తైజీ అను చీనా వ్యాయామమును ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నను విచారింతము.

2020వ సంవత్సరము మార్చి నెలలో కోవిడు కారణమున పాఠశాలలు మూతపడినప్పుడు, మేము ఏడుగురు ఉపాధ్యాయులము ఆన్‌లైన్ తరగతులద్వారా ఈ విద్యను ఆరంభించితిమి. నాలుగు నెలలు గడచుసరికి నలుగురము మిగిలితిమి. ఆ నలుగురము నేటికిని సాధన మానలేదు. కావున ఈ వ్యాసమందలి మాటలు కొంత పుస్తకములనుండియు, కొంత మా మోకాళ్లనుండియు వచ్చినవని చదువరులు గ్రహింతురు గాక.

పేరును పుట్టుకయు

చీనాభాషలో ఈ విద్య పూర్తిపేరు తైజీచ్వాన్. తైజీ యనగా అత్యున్నతమైన కొన, పరమావధి యని యర్థము. చ్వాన్ అనగా పిడికిలి. దానినిబట్టి ముష్టియుద్ధమను అర్థము కలిగినది. ఇంగ్లీషు వ్రాతను అనుసరించి దీనిని 'తాయ్ చీ' యని పలుకుటచేత, ఇందలి 'చీ' ప్రాణశక్తిని తెలుపు మాటయని అనేకులు తలంతురు. అది సరికాదు. ప్రాణశక్తికి చీనీయులు వాడు 'చీ' వేఱు. ఈ పేరిలోని 'జీ' వేఱు. వ్రాతలో ఆ రెండును వేర్వేఱు అక్షరములు.

చీనాదేశమున హెనాన్ రాష్ట్రములో చెన్‌జియాగౌ అను పల్లె కలదు. 17వ శతాబ్దమున ఆ పల్లెకు చెందిన చెన్ వాంగ్‌టింగ్ అను యోధుడు తన కుటుంబమువారికి నేర్పిన యుద్ధవిద్యనుండియే తైజీ పెరిగినదని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. చాలకాలము ఈ విద్య ఆ కుటుంబమును దాటి పోలేదు. 19వ శతాబ్దమున యాంగ్ లూచాన్ (1799-1872) అనునతడు చెన్ చాంగ్‌షింగ్ అను గురువు నాశ్రయించి దీనిని నేర్చుకొని, తరువాత బీజింగు నగరమున పలువురికి నేర్పెను. అతని మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ (1883-1936) దుముకుటలను, హఠాత్తుగా విసరు దెబ్బలను తగ్గించి, కదలికలనన్నిటిని సమమైన నెమ్మదిగల వరుసగా దిద్దెను. నేడు లోకమున ఎక్కువమంది అభ్యసించునది ఈతని శాఖయే. చెన్, యాంగ్, సున్ అను కుటుంబముల పేర్లతో మూడును, వినుటకు ఒక్కటిగానుండియు వ్రాతలో వేఱైన రెండు వూ కుటుంబముల పేర్లతో రెండును, మొత్తము ఐదు ముఖ్యశాఖలు ప్రసిద్ధములు. 1956లో చీనా ప్రభుత్వ క్రీడాశాఖవారు సామాన్యజనుల కొఱకు యాంగ్ శాఖనుండి 24 భంగిమల చిన్న వరుసనొకదానిని కూర్పించిరి. దానిని పూర్తిచేయుటకు ఐదారు నిమిషములు చాలును. మేము నేర్చినదియు అదియే. 2020వ సంవత్సరము డిసెంబరులో యునెస్కోవారు తైజీచ్వాన్‌ను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చిరి.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన చిత్తూరునకు సమీపముననున్న కాంచీపురమునుండి బోధిధర్ముడు చీనాకు పోయి అచ్చటివారికి యుద్ధవిద్యలు నేర్పెననియు, కావున తైజీయు మనదేశపు సొత్తేయనియు కొందఱు చెప్పుదురు. వినుటకు ఇంపైన కథయే. కాని బోధిధర్మునికిని యుద్ధవిద్యలకును ముడిపెట్టు వ్రాతలు అతని కాలమునకు వేయియేండ్ల తరువాత, 17వ శతాబ్దమున పుట్టినవి. మన దేశపు గొప్పకు సత్యమైన ఆధారములు కావలసినన్ని యుండగా ఆధారములేని దానిని ఆశ్రయించుట విద్యార్థులకు తగదు. పొరుగువారి మంచి వస్తువును పొరుగువారిదని చెప్పి, కృతజ్ఞతతో వాడుకొనుటయే మర్యాద.

మఱియొక ప్రశ్నయు తలిదండ్రులు కొందఱు మమ్ము అడిగిరి. ఇది యన్యమతాచారమా యని వారి సందేహము. తైజీ యను పేరు చీనా తత్త్వశాస్త్రమునుండి వచ్చినమాట నిజము. అయినను మేము చేరిన తరగతిలో పూజగాని మంత్రముగాని లేదు. పాదమెచ్చట నుంచవలెను, బరువెచ్చట నుండవలెను అను మాటలే యుండెను. దేవుడిచ్చిన శరీరమును చక్కగా కాపాడుకొను సాధనముగా మేము దానిని స్వీకరించితిమి.

పద్ధతి

చూచువారికి తైజీ చేతుల యాటవలె కనబడును. నిజమునకు అది పాదముల విద్య. ఇందలి మొదటి సూత్రము నిండు, వెలితి అను భేదము. శరీరపు బరువంతయు మోయుచున్న కాలు నిండుకాలు. బరువులేని కాలు వెలితికాలు. ఒక కాలు పూర్తిగా వెలితియైన పిమ్మటనే దానిని కదల్పవలెను. వరిగట్టుమీద గడ్డిమోపుతో నడచు స్త్రీని చూడుడు. ఆమె ముందుపాదమును మోపి, నేల గట్టిదని తెలిసిన పిమ్మటనే బరువును దానిమీదికి జరపును. తైజీలోని నడకయు అట్టిదే.

రెండవ సూత్రము నడుము. చేయి తనంతట తాను పోదు. నడుము తిరిగినంతమేరనే చేయి కదలును. మూడవది భుజములను, మోచేతులను క్రిందికి జారవిడుచుట. నాలుగవది మోకాలు. వంగిన మోకాలు కాలివ్రేళ్లు చూచు దిక్కునే చూడవలెను. వ్రేళ్ల కొనలను దాటి ముందునకు పోరాదు. ఐదవది నెమ్మది. వేగముగా చేసినచో తప్పులు దాగియుండును. మెల్లగా చేసినచో ప్రతితప్పును బయటపడును. ఊపిరిని బిగబట్టక సహజముగా రానిచ్చి పోనిచ్చినచో మొదటి సంవత్సరమునకు చాలును.

ప్రయోజనము

అలిపిరినుండి తిరుమలకు పోవు దారిలో 3,500కు పైగా మెట్లు కలవు. వాటిని ఎక్కునప్పుడు ఆయాసము కలుగును. దిగునప్పుడు మోకాళ్లు వణకును. దిగు ప్రతిమెట్టునందును శరీరమంతయు ఒంటికాలిపై నిలిచి, మెల్లగా క్రిందికి వాలవలసియుండుటయే దీనికి కారణము. ఈ ఒంటికాలి నిలుకడ వయస్సుతో తగ్గును. అది తగ్గిన ముసలివారు మెట్లమీదనే కాదు, తడిసిన స్నానాలగదిలోను పడుదురు. మాలో ఒకరి తల్లి డెబ్బదియేండ్లు దాటినామె. ఆమె అట్లు జారిపడి తుంటియెముక విఱుగగా ఆఱునెలలు మంచము పట్టెను. ముసలితనమున పడుట చిన్నవిషయము కాదని మేము ఆ యింట చూచితిమి.

తైజీ ఈ యాపదను తగ్గించునని వైద్యపరిశోధనలు తెలుపుచున్నవి. అమెరికాదేశపు ఆరెగాన్ రాష్ట్రమున ఫూజోంగ్ లీ అను పరిశోధకుడును అతని సహచరులును చేసిన రెండు పరీక్షలు ప్రసిద్ధములు. 2012లో ప్రకటింపబడిన మొదటిదానిలో పార్కిన్సన్ వ్యాధిగల 195 మందిని మూడు తెగలుగా విభజించి, 24 వారములపాటు ఒక తెగవారికి తైజీని, ఒక తెగవారికి బరువులతో వ్యాయామమును, ఒక తెగవారికి కండరములను సాగదీయు వ్యాయామమును నేర్పిరి. నిలుకడలో తైజీ తెగవారే మిక్కిలి వృద్ధిపొందిరి. 2018లో ప్రకటింపబడిన రెండవదానిలో, 70 యేండ్లు నిండి, పడిపోవు ప్రమాదముగల 670 మంది పాల్గొనిరి. సాగదీయు వ్యాయామము చేసినవారికంటె తైజీ చేసినవారు పడుట నూటికి 58 వంతులు తగ్గెను. పలువిధములైన వ్యాయామములు కలిపి చేసినవారితో పోల్చినను నూటికి 31 వంతులు తగ్గెను.

అయినను దీనిని సర్వరోగనివారిణిగా తలంపరాదు. మందు మానుటకు ఇది కారణము కారాదు. మోకాళ్లలో వాపుగలవారును, గుండెజబ్బు గలవారును వైద్యుని అడిగి ఆరంభింపవలెను. మనకు యోగాసనములుండగా ఇది యేల యని యడుగువారికి మా యుత్తరమొక్కటే. ఆసనము నిలిచియుండి సాధింపదగినది. తైజీ నడచుచు సాధింపదగినది. రెంటికిని పోటీ లేదు.

దూరపాఠములు క్రొత్తవి కావు

శరీరవిద్యను దూరమునుండి నేర్పు యత్నము నేటిది కాదు. యాంగ్ చెంగ్‌ఫూ 1934లో ప్రకటించిన గ్రంథమున తన భంగిమల ఫోటోలను చేర్చెను. మనకు పొరుగునేయున్న బెంగుళూరిలో కె. వి. అయ్యరు గత శతాబ్దపు పూర్వార్ధమున తన వ్యాయామ పాఠములను తపాలాద్వారా పంపి శిష్యులను సంపాదించెను. అయినను ఆ కాలమున పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయులను తయారుచేయవలెనన్న, ఎదుటనుండి నేర్పుటయే మార్గముగానుండెను. అందుకే 1920లో హారీ క్రో బక్ మదరాసున వై. ఎం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. చిత్తూరుజిల్లా నాడు మదరాసు రాజధానిలోనిదే.

ఫోటో నిలిచిన భంగిమను చూపును గాని, ఒక భంగిమనుండి మఱియొకదానికి పోవు దారిని చూపదు. తైజీలో ఆ దారియే సర్వస్వము. ఆన్‌లైన్ తరగతి ఈ లోటును తీర్చినది. చెన్నైనుండి నేర్పు ఉపాధ్యాయినిని మేము వారమునకు రెండుదినములు ఉదయము ఆఱుగంటలకు చూచుచుంటిమి. ఆమెయు మమ్ము చూచుచుండెను. తరగతి ముగిసిన పిమ్మట ఆ పాఠమును ఎన్నిమాఱులైనను మరల చూచుకొను వీలుండెను. ఎదుటి గురువు ఎంత దయగలవాడైనను ఒక్క అడుగును నలువదిమాఱులు విసుగక చూపజాలడు.

అయినను ఈ పద్ధతిలో మూడు లోపములు కలవు. మొదటిది కుడియెడమల చిక్కు. గురువు మనకెదురుగా నిలిచినచో ఆమె కుడిచేయి మన యెడమవైపున కనబడును. ఆమె వెనుదిరిగి చేసి చూపినప్పుడే మాకు సందేహము తీరెను. రెండవది చూపుమేర. ఫోనును గోడకానించి పెట్టినచో తల కనబడిన పాదములు కనబడవు. పాదములు కనబడిన తల కనబడదు. మాలో ఒకరు బియ్యపుడబ్బాపై ఫోనునుంచి పది అడుగుల దూరము పోయి నిలిచినప్పుడు గాని, ఆయన వెనుకమడమ పైకి లేచుచున్నదని ఆమెకు తెలియలేదు. మూడవది స్పర్శ. తైజీలో ఇద్దఱు ఎదురెదురుగా నిలిచి, ముంజేతులు తాకించి, ఒకరి బరువును మఱియొకరు గ్రహించు అభ్యాసమొకటి కలదు. దానికి 'తుయ్‌షౌ' అని పేరు. దానిని ఏ యంత్రమును దూరమునుండి నేర్పజాలదు. భుజమును చేతితో నొక్కి 'ఇది బిగిసియున్నది' అని చూపు పనియు అట్టిదే. పల్లెలో కోలాటపు గురువు పిల్లవాని మోచేతిని పట్టి తిప్పును. ఆ పట్టు ఆ పిల్లవానికి వందమాటల పెట్టు.

ఇంటి సాధన

కావున దూరపాఠము సగము. తక్కిన సగము ఇంటి సాధన. మా యనుభవమున ఉపయోగపడిన నియమములను క్రింద వ్రాయుచున్నాము.

1. తిరుపతి యెండ తెలిసినదే. సూర్యోదయమునకు పూర్వముగాని, అయిన వెంటనేగాని, మిద్దెపైనో పెరటిలోనో సాధన చేయవలెను. వారమునకొకనాడు రెండుగంటలు చేయుటకంటె దినమునకు పదునైదు నిమిషములు మేలు.

2. నేలపై ముగ్గుపిండితో రెండు సమానరేఖలను భుజముల వెడల్పున గీయవలెను. ఎడమపాదము ఎడమరేఖపైనను, కుడిపాదము కుడిరేఖపైనను పడవలెను. రెండు పాదములును ఒకేరేఖపై పడినచో నిలుకడ తప్పును. ఇది గురువు లేనప్పుడు నేల చెప్పు పాఠము.

3. వారమునకు ఒకటి రెండు భంగిమలకంటె ఎక్కువ ఎత్తుకొనరాదు. మాలో ముందుగా మానినవారు, మొదటి నెలలోనే 24 భంగిమలును పూర్తిచేయ తలచినవారే.

4. ప్రతి యడుగునకు ముందు వెలితికాలిని ఒక అంగుళము పైకెత్తి చూడవలెను. శరీరము ఊగక అది లేచినచో బరువు సరిగా మాఱినదని తెలియును. లేవనిచో ఇంకను మాఱలేదని తెలియును.

5. నెలకొకమాఱు తమ సాధనను ఫోనులో చిత్రించి చూచుకొనవలెను. 'నేను వంగలేదు' అని మనస్సు చెప్పును. చిత్రము నిజము చెప్పును.

6. మోకాలు నొచ్చినచో మానవలెను. తొడలలో అలసట మంచిది. కీలులో నొప్పి మంచిదికాదు.

7. ముసలివారు గోడనో మంచపుకోడునో పట్టుకొని, బరువును కుడినుండి యెడమకు, ఎడమనుండి కుడికి జరుపుటను మాత్రము చేయవచ్చును. పైన చెప్పిన తల్లి, వైద్యుని యనుమతితో, ఇంటివారొకరు ప్రక్కన నిలువగా, ఈ యొక్క అభ్యాసమునే చేయుచున్నది. నేడు చేతికఱ్ఱతో వాకిటివఱకు పోగలదు.

ఉపాధ్యాయులు నేర్చిన పాఠము

పై విషయములన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆ 2020వ సంవత్సరమున మేము ఉదయము ఆఱుగంటలకు ఫోనులో విద్యార్థులము; పదిగంటలకు అదే ఫోనులో ఉపాధ్యాయులము. ఒకే దినమున రెండు పీఠములను ఎక్కుటచే, ఏండ్ల బోధనలో తెలియని సంగతులు కొన్ని తెలిసినవి.

తెరపై చూచువాడు 'అర్థమైనదా?' అన్న ప్రశ్నకు 'అయినది' అనియే చెప్పును. మేమును అట్లే చెప్పితిమి. ఫోను కట్టివేసి లేచి నిలిచినప్పుడు గాని, ఏమియు అర్థము కాలేదని తెలియదు. కావున మా తైజీ ఉపాధ్యాయిని ఆ ప్రశ్న అడుగుట మానివేసెను. 'చేసి చూపుడు' అనుచుండెను. మేమును మా పిల్లలను 'ఈ లెక్కను చేసి, పలకను తెరకు చూపుడు' అని యడుగనారంభించితిమి. చూపినవారిలో సగముమందికి మొదటి మెట్టే తప్పుచున్నదని నాడు కనుగొంటిమి.

మాకు ఫోనును ఆనించుటకు బియ్యపుడబ్బా యుండెను. ఎవరి ఫోను వారికుండెను. మదనపల్లె వైపు టమోటా తోటలలో కూలికి పోవు కుటుంబమున ముగ్గురు పిల్లలకు ఒక్కటే ఫోను. అదియు తండ్రి పనికి పోవునప్పుడు జేబులో పోవును. అట్టి పిల్లవాడు రాత్రి తొమ్మిదిగంటలకు పాఠము వినెను. దూరదర్శన్ సప్తగిరి ఛానలులో వచ్చిన పాఠములు కొందఱిని ఆదుకొన్నవి; టీవీ లేని యింట అవియు లేవు. ఆ యేడు ఆంధ్రప్రదేశమున పదవతరగతి పరీక్షలు జరుగలేదు. అందఱును ఉత్తీర్ణులని ప్రకటింపబడిరి. ఉత్తీర్ణత వచ్చినది గాని విద్య రాలేదు. పాఠశాల తెఱచిన పిమ్మట భిన్నములు తెలియని తొమ్మిదవతరగతి పిల్లలను చూచితిమి. వారిని మందబుద్ధులని యనుటకు మాకు నోరాడలేదు. వెలితికాలిని కదల్పక ముందే తరువాతి యడుగు వేయించినచో ఎవడైనను తూలును. ఆ పిల్లలకును అదియే జరిగినది.

నాటినుండి మా పాఠశాలలో సాయంకాలము అరగంట వెనుకటి తరగతుల పాఠములకై కేటాయించితిమి. క్రొత్తది చెప్పుటకు ముందు పాతదానిమీద బరువు నిలుచునా యని చూచుటయే ఆ యరగంట పని. తైజీ మాకిచ్చిన లాభములలో మోకాళ్ల బలముకంటె ఇది గొప్పదని మేము తలంచుచున్నాము.

ముగింపు

మొదట వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు ఉత్తరము చెప్పవచ్చును. శరీరవిద్యను దూరమునుండి నేర్చుకొనవచ్చును. వరుసయు, దిక్కులును, నడకయు, నిత్యసాధనయు అట్లు సాధ్యములు. తాకి దిద్దవలసిన లోతైన భాగము మాత్రము ఎదుటి గురువు దొరకినప్పుడే పూర్తియగును. ఏడాదికి ఒక్కమాఱైనను అట్టివారి యొద్దకు పోయి దిద్దించుకొనుట అవసరము.

విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో మీరు ఫోనులో అనేకవిషయములు చూతురు. చిత్రలేఖనమో, కుట్టుపనియో, ఈతయో, తైజీయో చూచినప్పుడు, చూచుట ముగిసిన వెంటనే ఫోనును ప్రక్కనుంచి, లేచి నిలిచి, దానిలో ఒక్క చిన్న భాగమును చేయుడు. మఱునాడును అదే భాగమును చేయుడు. ఇంటిలో అవ్వతాతలున్నచో గోడపట్టుకొని బరువు మార్చు అభ్యాసమును వారికి చూపి, వారి ప్రక్కనే నిలువుడు. సెలవులు ముగిసి బడి తెఱచిన దినమున, మీరు చూచినదానిని గాక, చేయగలిగినదానిని మాకు చూపుడు.